కాలు కాలిన పిల్లి

ఈ శీర్షికలో నేను మామూలుగా రాసేవి మీకు తెలిసినవే. ఇంట్లో వైఫై ఎందుకు పడకేస్తుంది, పాస్‌వర్డు ఎలా పెట్టుకోవాలి, ఊళ్ళో ఉన్న అమ్మకి వీడియో కాల్ ఎలా నేర్పాలి, ఇలాంటివన్నమాట. ఈసారి పిల్లి గురించి రాస్తున్నాను. "పాపం, ఇన్నాళ్ళూ మౌసు పట్టుకుని కూర్చున్నాడు, చివరికి పిల్లి దగ్గరికొచ్చాడు" అని మీరు నవ్వుకున్నా ఫరవాలేదు. మన సంఘంలో పిల్లిని పెంచే ఇళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు. పిల్లలు అడుగుతారు, మనం వద్దంటాం, ఏడుస్తారు, తెస్తాం. ఆ పిల్లలు కాలేజీకి వెళ్ళిపోయాక పిల్లీ మనమూ మిగులుతాం. అందుకే ఇది రాయాలనిపించింది.

ముందు పాత్రల పరిచయం. నేను, మా ఆవిడ, మా అమ్మాయి, జున్ను. జున్ను మా పిల్లి. మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు ఇక్కడ న్యూజెర్సీలోనే ఒక జంతువుల షెల్టరు నుంచి తెచ్చుకున్నాం. అప్పటికి దానికి మూడు నాలుగు నెలలుంటాయేమో. జున్నుముక్కలా తెల్లగా, మెత్తగా ఉందని మా ఆవిడ ఆ పేరు పెట్టింది. అమ్మాయీ అదీ కలిసే పెరిగారు. కాకపోతే పదమూడేళ్ళు గడిచేసరికి ఒకరు హైస్కూలు పూర్తి చేసి కాలేజీకి తయారయ్యారు, రెండోవారు ముసలివాళ్ళయిపోయారు.

నిరుడు మే నెలలో, మనవరాలి గ్రాడ్యుయేషన్ చూడాలని మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వచ్చిన మూడో రోజో నాలుగో రోజో, సోఫాలో కూర్చుని జున్ను వీపు నిమురుతూ, "ఒరేయ్, ఈ పిల్లి ఇంత చిక్కిపోయిందేంట్రా?" అంది. అంతకు ముందు రెండేళ్ళ క్రితం వచ్చినప్పుడు చూసిందిగా.

"లేదమ్మా, బ్రహ్మాండంగా తింటోంది. ఇదివరకటికి రెట్టింపు తింటోంది" అన్నాను లాప్‌టాప్ లోంచి తల ఎత్తకుండా.

"తింటోంది సరే. ఆ తిన్నదంతా ఎటు పోతోంది?"

ఈ ప్రశ్న దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మీటింగులో ఉన్నాను మరి.

మన తెలుగువాళ్ళకి ఆరోగ్యానికి ఒకటే కొలబద్ద, తిండి. పిల్లాడు ముద్ద మింగకపోతే జబ్బు చేసిందని కంగారు పడతాం, రెండోసారి వడ్డించుకుంటే బాగానే ఉన్నాడనుకుంటాం. పిల్లికి కూడా అదే కొలబద్ద పెట్టాను నేను. అక్కడే దెబ్బతిన్నాను.

నలుగురం, నాలుగు ముక్కలు

తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటే తెలిసిందేమిటంటే, ఇంట్లో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి గమనించారు. ప్రతివాళ్ళూ దానికి ఒక కారణం చెప్పేసుకున్నారు.

మా ఆవిడ గమనించింది నీళ్ళు. జున్ను గిన్నె రోజుకోసారి నింపేది కాస్తా మూడుసార్లు నింపాల్సి వస్తోంది. లిట్టర్ బాక్సులో గడ్డలు పెద్దవవుతున్నాయి. "హీటరు వేడికి దాహం వేస్తోందేమో" అనుకుంది.

మా అమ్మాయి గమనించింది అరుపులు. రాత్రి రెండు గంటలకి హాల్లో నిలబడి, ఎవరో పోయినట్టు పెద్దగా అరుస్తోంది. "నేను కాలేజీకి వెళ్ళిపోతున్నానని దానికి తెలిసిపోయింది డాడీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మేమందరం నమ్మేశాం కూడా.

నేను గమనించింది కార్పెట్టు మీద వాంతులు. శుభ్రం చేసే డ్యూటీ నాదే కాబట్టి. కొత్త రకం డబ్బా తిండి పడలేదనుకుని పాత రకానికి మారాను. ఇంకోటి కూడా గమనించాను, కానీ దాన్ని జబ్బు కింద కాక గొప్ప కింద రాసుకున్నాను. పదమూడేళ్ళ ముసలి పిల్లి, కర్టెను పట్టుకుని ఎగబాకుతోంది! గది నుంచి గదికి, మెట్ల కింద నుంచి పైకి, ఒక్క క్షణం కుదురు లేకుండా తిరుగుతోంది. "చూశారా, మా జున్నుకి మళ్ళీ యవ్వనం వచ్చింది" అని స్నేహితులకి వీడియో కూడా పంపాను.

ఆ వీడియో చూసి మా అమ్మ ఒక్క మాటంది. "యవ్వనమా పాడా. కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. దానికేదో అయింది."

చిన్నప్పటి నుంచి వెయ్యిసార్లు విన్న సామెత. అది నిజంగా ఒక పిల్లి గురించి, ఒక జబ్బు గురించి వింటానని ఎప్పుడూ అనుకోలేదు. గుడ్డివాళ్ళు ఏనుగుని తడిమినట్టు ఇంట్లో నలుగురం తలో ముక్కా పట్టుకున్నాం. నాలుగు ముక్కలూ ఒకచోట పెట్టి చూసినవాళ్ళు లేరు. గ్రాడ్యుయేషన్ పార్టీ రోజున జున్ను ఏకంగా టేబులెక్కి మా అమ్మ పెరుగన్నం గిన్నెలో మూతి పెట్టింది. పదమూడేళ్ళలో ఒక్కసారి టేబులెక్కని పిల్లి. ఆ మర్నాడే వెట్ దగ్గర అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

అప్పటికే ఉన్న గ్రాఫు

మా అమ్మ కూడా వస్తానంది. పిల్లికి విడిగా డాక్టరుంటాడంటే ఆవిడకి వింత. తెనాల్లో పశువుల డాక్టరంటే గేదెలకే.

డాక్టరమ్మ జున్నుని ముట్టుకోక ముందే తూకం వేసింది. 8.2 పౌన్లు. తర్వాత కంప్యూటరు తెర నా వైపు తిప్పింది. పదేళ్ళ వయసులో 11 పౌన్లు. పదకొండో ఏట 10.8. పన్నెండో ఏట 9.9. ఇప్పుడు 8.2.

నేను ఇరవై ఏళ్ళుగా సర్వర్లని కనిపెట్టుకునే ఉద్యోగం చేస్తున్నాను. ఏ డిస్కు ఎంత నిండింది, ఏ గ్రాఫు కిందకి జారుతోంది అని చూడటానికే నాకు జీతమిస్తారు. మూడేళ్ళుగా మా ఇంటి పిల్లి గ్రాఫు కిందకి జారుతుంటే నేను చూసింది బిల్లు అడుగున ఉన్న టోటల్ ఒక్కటే. పన్నెండో ఏటి కాగితం మీద "ఆరు నెలల్లో మళ్ళీ చూపించండి" అని స్పష్టంగా రాసుంది. ఆ కాగితం ఫైల్లో భద్రంగా పెట్టాను కూడా.

11 నుంచి 8.2 అంటే పాతిక వంతు పోయింది. ఎనభై కిలోల మనిషి అరవైకి దిగినంత. మనిషైతే చుట్టుపక్కల వాళ్ళందరూ "ఏమైంది, ఏమైంది" అని అడిగేవాళ్ళు. పిల్లికి ఒంటి నిండా బొచ్చుంటుంది, రోజూ చూస్తుంటాం, తేడా కళ్ళకి ఆనదు. రెండేళ్ళ తర్వాత చూసిన మా అమ్మ చేతికి మాత్రం వెన్నుపూసలు తగిలాయి.

పిల్లి మెడలో ఏముంది?

తర్వాత డాక్టరమ్మ జున్ను గడ్డం కాస్త పైకెత్తి, గొంతుకి అటూ ఇటూ రెండు వేళ్ళు పెట్టి, దవడ కింద నుంచి రొమ్ము ఎముక దాకా నెమ్మదిగా జార్చింది. ఒకచోట ఆగింది. ఇంకోసారి జార్చింది. "ఇక్కడ చిన్న గడ్డ తగులుతోంది" అంది. శనగగింజంత.

పిల్లి మెడలో గంట ఎవరు కడతారని మనకో సామెత. మెడలో ఏముందో ఎవరు చూస్తారన్నది అంతకన్నా అవసరమైన ప్రశ్నని ఆ రోజు తెలిసింది.

థైరాయిడ్ గ్రంథి మనకి లాగే పిల్లికి కూడా మెడలో, శ్వాసనాళానికి చెరో పక్కన ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లిలో వేలికి తగలదు. తగిలిందంటే పెరిగిందన్నమాట. ఈ గ్రంథి విడుదల చేసే హార్మోను ఒంట్లో ప్రతి కణానికీ ఎంత వేగంగా పనిచెయ్యాలో చెబుతుంది. కారుకి యాక్సిలరేటరు ఎలాగో ఒంటికి ఇది అలాగ. గ్రంథి పెరిగి హార్మోను ఎక్కువైతే, పార్కింగులో నిలబెట్టిన కారు యాక్సిలరేటరు తొక్కి పట్టుకున్నట్టే. ఇంజను గర్జిస్తుంది, పెట్రోలు అయిపోతుంది, కారు ఎక్కడికీ కదలదు.

మా అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు అదే. తిన్నదంతా మంటలోకి పోతోంది. అది చాలక ఒళ్ళు సొంత కండని కూడా తగలబెట్టుకుంటోంది. అందుకే ఆకలి, అందుకే చిక్కిపోవడం, అందుకే కుదురు లేకపోవడం. రాత్రి అరుపులు, దాహం, వాంతులు, ఒక్కోసారి విరేచనాలు, జిడ్డుగా అట్టకట్టిన బొచ్చు, అన్నీ ఆ గొలుసులోవే. జున్ను గుండె నిమిషానికి 240 సార్లు కొట్టుకుంటోందని, రక్తపోటు కూడా ఎక్కువగానే ఉందని డాక్టరమ్మ చెప్పింది. పిల్లికి బీపీ ఎలా చూస్తారని మా అమ్మ ఆశ్చర్యపోయింది. పసిపిల్లల బొమ్మకి సరిపోయేంత పట్టీ ముందు కాలికి చుట్టి చూస్తారు. అది ముదిరితే కళ్ళ లోపలి పొర ఊడి, పిల్లికి హఠాత్తుగా చూపు పోవచ్చట.

"ఇది హైపర్ థైరాయిడ్ అని నా అనుమానం. రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది" అంది.

నేను తెలుగులో చెప్పగానే మా అమ్మ మొహం వెలిగిపోయింది. "థైరాయిడా! నాకూ అదేగా. ఆరేళ్ళ నుంచి రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుంటున్నాను. నా దగ్గర మూడు నెలలకి సరిపడా ఉన్నాయి, దీనికీ ఒకటి వేస్తే సరి" అంది.

నేను ముందు రెండో సగానికి కంగారు పడ్డాను. మా అమ్మది థైరాయిడ్ తక్కువైన జబ్బు, ఆ మాత్రలో ఉండేది అదే హార్మోను. జున్నుకి ఉన్నది ఎక్కువైన జబ్బు. ఆ మాత్ర దీనికి వెయ్యడమంటే మంట మీద కిరసనాయిలు పొయ్యడం. దయచేసి ఈ మాట అందరూ గుర్తుంచుకోండి. మన మందుల పెట్టెలోంచి పిల్లికి ఏదీ ఇవ్వకూడదు. పేరు ఒకటే అయినా జబ్బు తలకిందులు కావచ్చు.

ఇంటికొచ్చాక రాత్రి మొదటి సగం గుర్తొచ్చింది. ఆరేళ్ళుగా మా అమ్మకి థైరాయిడ్ ఉందన్న సంగతి నాకు తెలియదు. పిల్లి డాక్టరు దగ్గర తెలిసింది.

"చెప్పలేదేం అమ్మా?" అనడిగితే, "ఫోన్లో చెప్పేదేముందిరా, రోజుకో మాత్రేగా. నువ్వు తిన్నావా అని అడుగుతావు, తిన్నానంటాను. అయిపోయిందిగా" అంది.

ఒక్క రీడింగుతో తేలదు

రెండు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. అసలు చూడాల్సింది టీ-4 అనే హార్మోను. ఆ ల్యాబు లెక్క ప్రకారం డెసిలీటరుకి 0.8 నుంచి 4.7 మైక్రోగ్రాముల మధ్య ఉంటే మామూలు. జున్నుది 3.9.

"నార్మల్!" అని మా అమ్మాయి గంతులేసింది. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను. డాక్టరమ్మ మాత్రం గంతులెయ్యలేదు. ఆవిడ చెప్పినది నా మాటల్లో చెబుతాను, ఎందుకంటే ఈ పరీక్ష దగ్గరే చాలామంది పొరపాటు పడతారు.

ఈ జబ్బున్న పిల్లుల్లో పదింట తొమ్మిదింటికి టీ-4 ఒక్కటి చూస్తే చాలు, ఎక్కువగా కనిపిస్తుంది. మిగిలిన పదోదానికి మాత్రం ఆ అంకె హద్దుల లోపలే దాక్కుంటుంది. కారణాలు రెండు. ఒకటి, జబ్బు మొదట్లో హార్మోను రోజు రోజుకీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, మనం రక్తం తీసిన రోజు కాస్త దిగి ఉండొచ్చు. రెండోది, పిల్లికి ఇంకేదైనా జబ్బు కూడా ఉంటే అది టీ-4ని కిందకి లాగుతుంది. ముసలి పిల్లికి అంకె పై సగంలో ఉండి, ఒంట్లో లక్షణాలన్నీ ఉండి, మెడలో గడ్డ కూడా తగులుతుంటే, దాన్ని "లేదు" అని కాక "ఇంకా తేలలేదు" అని చదవాలి.

అలాగని తొందరపడి "ఉంది" అనెయ్యడం కూడా తప్పే. తింటూ చిక్కిపోయే ముసలి పిల్లికి షుగరు వ్యాధి ఉండొచ్చు. పేగుల్లో వాపో, క్యాన్సరో ఉండొచ్చు. నీళ్ళెక్కువ తాగుతుంటే కిడ్నీ జబ్బు కావచ్చు. అందుకే టీ-4తో పాటు రక్తకణాల లెక్క, షుగరు, కిడ్నీ, లివరు పరీక్షలు, మూత్రపరీక్ష అన్నీ చేశారు. జున్నుకి షుగరు లేదు. లివరు ఎంజైములు కొంచెం ఎక్కువున్నాయి. ఆ మాట వినగానే మా ఆవిడ లివరు పాడైందని బెంబేలెత్తింది కానీ, థైరాయిడ్ ఎక్కువైన పిల్లుల్లో చాలావాటికి అవి పెరుగుతాయట, వైద్యం మొదలెట్టాక దిగుతాయట.

మూడు వారాలాగి మళ్ళీ రక్తం తీశారు. ఈసారి టీ-4తో పాటు ఫ్రీ టీ-4 అనే ఇంకో పరీక్ష కూడా. రక్తంలో ప్రొటీనులకి అంటుకోకుండా విడిగా తిరిగే హార్మోనుని అది కొలుస్తుంది. మామూలు టీ-4 దొరకనివ్వని జబ్బుని ఇది పట్టుకుంటుంది. కాకపోతే దీన్ని ఒంటరిగా నమ్మకూడదు, థైరాయిడ్ బాగానే ఉండి వేరే జబ్బున్న పిల్లుల్లో కూడా ఒక్కోసారి పెరిగి కూర్చుంటుంది. రెండూ కలిపి చదవాలి. అప్పటికీ తేలకపోతే, కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి గ్రంథిని ఫోటో తీసే స్కాను ఉంది.

మాకు అంతదాకా పోలేదు. రెండోసారి టీ-4 5.6, ఫ్రీ టీ-4 కూడా హద్దు దాటింది. ఇక అనుమానం లేదు.

మా ఉద్యోగంలో ఒక్క రీడింగు చూసి సర్వరు బాగుందని ఎవరైనా చెబితే వాణ్ణి నేను మందలిస్తాను. మళ్ళీ చూడు, ఇంకోచోట నుంచి చూడు, అసలు వాడేవాళ్ళేమంటున్నారో అడుగు అంటాను. డాక్టరమ్మ చేసింది అదే.

ఇదెక్కడి జబ్బు?

ఈ జబ్బు చరిత్ర చదివితే నాకు ఆశ్చర్యం వేసింది. 1979కి ముందు పిల్లుల్లో ఇది ఒక జబ్బుగా ఎవరూ వర్ణించలేదు. ఆ సంవత్సరం మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న న్యూయార్కులో, యానిమల్ మెడికల్ సెంటర్ వైద్యులు మొదట వివరించారు. 1980లో బోస్టన్ వైద్యులు ఇంకొన్ని కేసులు ప్రకటించారు. ఇప్పుడు ముసలి పిల్లుల్లో హార్మోను జబ్బులన్నిటిలోకీ ఇదే ఎక్కువ. పదేళ్ళు దాటిన పిల్లుల్లో పదింట ఒకదానికి దాకా వస్తుందని అంచనా. కుక్కలకి మాత్రం తిరగేసి, థైరాయిడ్ తక్కువవడమే ఎక్కువ.

ఎందుకొస్తుంది? డబ్బాల్లో వచ్చే తిండి మీద, తిండిలో అయోడిను హెచ్చుతగ్గుల మీద, సోఫాలకీ కార్పెట్లకీ నిప్పంటుకోకుండా కలిపే రసాయనాలు ఇంటి దుమ్ములో చేరి పిల్లి ఒళ్ళు నాక్కున్నప్పుడు లోపలికి పోవడం మీద అనుమానాలున్నాయి. ఇదీ కారణం అని తేలినది ఒక్కటీ లేదు. కాబట్టి "నేనేం తప్పు పెట్టాను" అని బాధపడక్కర్లేదు. గడ్డ అనగానే క్యాన్సరని భయపడక్కర్లేదు కూడా. నూటికి రెండు మూడింటికి మించి అలా ఉండవు. మిగతావన్నీ పెరిగిన గ్రంథి మాత్రమే.

ఇంకో మాట. లక్షణాలన్నీ కట్టగట్టుకుని రావాలని చూడకండి. కొన్ని పిల్లులు ఈ జబ్బుతోనే నీరసపడి, తిండి మానేసి మూల కూర్చుంటాయి. గెంతే పిల్లికే థైరాయిడ్ అనుకుంటే ఇలాంటివి తప్పిపోతాయి. ఏ కారణంగానైనా పిల్లి ఒక రోజంతా ఏమీ తినకపోయినా వెట్‌కి ఫోను చెయ్యండి. నోరు తెరిచి రొప్పినా, హఠాత్తుగా గోడలకి కొట్టుకుంటున్నా, అదే పూట తీసుకెళ్ళండి.

"నేను వెళ్ళేలోపు నయమవుతుందా?"

ఇది మా అమ్మాయి అడిగిన ప్రశ్న. ఆగస్టు ఆఖర్లో దాని ప్రయాణం. జూలై రెండో వారంలో ఉన్నాం.

డాక్టరమ్మ అబద్ధం చెప్పలేదు. దారులు నాలుగున్నాయంది. రోజూ మెథిమజోల్ అనే మందు వెయ్యడం, ఆపరేషను, అయోడిను బాగా తగ్గించిన ప్రత్యేకమైన తిండి తప్ప ఇంకేదీ ముట్టనివ్వకపోవడం, రేడియో అయోడిను ఇంజక్షను. ఆఖరిది ఒక్కసారి చేస్తే నూటికి తొంభై అయిదు పిల్లులకి దాదాపుగా శాశ్వతంగా నయమవుతుంది. కాకపోతే వేల డాలర్ల మాట, పైగా ఒంట్లో రేడియోధార్మికత తగ్గేదాకా పిల్లిని కొన్ని రోజులు ఆస్పత్రిలోనే ఉంచాలి.

ముందు మందు మొదలుపెట్టమంది. దానికో కారణం ఉంది. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కిడ్నీల్లోకి రక్తం జోరుగా పారుతుంది, దాంతో పాడైన కిడ్నీలు కూడా రిపోర్టులో బాగున్నట్టే కనిపిస్తాయి. థైరాయిడ్‌ని దించాక అసలు సంగతి బయటపడుతుంది. ఒక జబ్బు ఇంకో జబ్బుకి ముసుగు వేసి ఉంచుతుందన్నమాట. అందుకే మందు వేసి రెండు మూడు వారాల తర్వాత టీ-4తో పాటు కిడ్నీలు కూడా మళ్ళీ చూస్తారు. "అప్పుడే నేను నీకు జవాబు చెప్పగలను" అంది మా అమ్మాయితో.

జున్ను నోట్లో మాత్ర వెయ్యడం నా వల్ల కాలేదు. నా చేతుల మీద గీతలు చూసి ఆఫీసులో అందరూ పరామర్శించారు. చివరికి చెవి లోపలి వైపు చర్మానికి రాసే జెల్ ఇచ్చారు. మాత్రంత నిలకడగా పనిచెయ్యకపోవచ్చు కానీ మాకు కుదిరింది. రాసేటప్పుడు చేతికి గ్లవ్స్ తప్పనిసరి, లేకపోతే మందు మన ఒంట్లోకి వెళుతుంది. గర్భిణీలు దాన్ని అసలు ముట్టుకోకపోవడమే మంచిది. ఆ పని మా అమ్మ తీసుకుంది. పొద్దున తన మాత్ర వేసుకుని, కాఫీ తాగి, గ్లవ్స్ తొడుక్కుని, "రావే, నీ మందు టైమైంది" అని జున్నుని ఒళ్ళోకి లాక్కునేది.

మూడు వారాల రిపోర్టు ఆగస్టు మొదట్లో వచ్చింది. టీ-4 2.4. కిడ్నీలు బాగానే ఉన్నాయి. బరువు 8.6. మా అమ్మాయి ప్రయాణానికి రెండు రోజుల ముందు జున్ను రాత్రంతా దాని మంచం మీద కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుంది. అరవలేదు, తిరగలేదు. నయమవలేదు, అదుపులోకి వచ్చింది. ఆ తేడా మా అమ్మాయికి అర్థమైంది. కార్లో సామాన్లు సర్దుతూ "ఏడవట్లేదు డాడీ, ఎలర్జీ" అంది.

పిల్లలూ, ఇది మీకు

మీ ఇంట్లో పిల్లి ఉంటే మీరు చెయ్యగలిగిన పని ఒకటుంది. అది మీ అమ్మానాన్నల కంటే మీరే బాగా చేస్తారు.

నెలకోసారి, ఒకే రోజున, పిల్లిని తూకం వెయ్యండి. పసిపిల్లలని తూచే స్కేలు దొరికితే మంచిది. లేకపోతే ముందు మీరొక్కరూ ఎక్కి చూసుకోండి, తర్వాత పిల్లిని ఎత్తుకుని ఎక్కండి, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యండి. తీసివేత లెక్కలు ఎందుకు నేర్పుతారో ఇప్పుడు తెలిసిందిగా! ఆ అంకె కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. పది పౌన్ల పిల్లి ఒక పౌను తగ్గిందంటే, పెద్దవాళ్ళు "బాగానే తింటోందిలే" అన్నా మీరు ఒప్పుకోకండి.

నీళ్ళ గిన్నె రోజుకెన్నిసార్లు నింపుతున్నారు, లిట్టర్ ఎంత తడుస్తోంది, వాంతి చేసుకుందా, రాత్రి అరిచిందా, గెంతడం పెరిగిందా తగ్గిందా, ఇవి కూడా అదే కాగితం మీద రాయండి. ఒక్కొక్కటి చూస్తే ఏమీ అనిపించదు. అన్నీ ఒకే కాగితం మీదుంటే డాక్టరు అయిదు నిమిషాల్లో కథంతా చదివేస్తారు. మీ పిల్లికి పదేళ్ళు దాటితే ఏడాదికి రెండుసార్లు చూపించమని అమ్మానాన్నలకి గుర్తుచెయ్యండి. బాగున్నప్పుడే ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించి ఉంచుకుంటే, తర్వాత ఏ అంకెతో పోల్చుకోవాలో తెలుస్తుంది.

ఫ్రిజ్ మీద కాలెండరు

మా అమ్మ అక్టోబరు చివర్లో తెనాలి వెళ్ళిపోయింది. మా ఫ్రిజ్ మీద తెలుగు కాలెండరు ఉంది, ఇక్కడి గుడిలో ఇచ్చింది. అందులో ఏకాదశి, సంకటహర చవితి పక్కన ప్రతి ఆదివారం మా అమ్మ చేతిరాతతో జున్ను బరువు. 8.6, 8.9, 9.1, 9.4. ఆవిడ వెళ్ళాక నేను రాస్తున్నాను. క్రిస్మస్ సెలవులకి మా అమ్మాయి వచ్చేసరికి 10 దాటింది. సంచీ కింద పెట్టక ముందే జున్నుని ఎత్తుకుని, "హెవీగా ఉంది డాడీ!" అని అరిచింది. ఒక ఆడపిల్ల అంత సంతోషంగా ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ఎండాకాలంలో రేడియో అయోడిను చేయిద్దామని ఇప్పుడు ఆలోచిస్తున్నాం.

ఆదివారం ఉదయం, అక్కడ సాయంత్రం, మా అమ్మకి ఫోను చేస్తాను. ఇరవై ఏళ్ళుగా మొదటి ప్రశ్న "తిన్నావా అమ్మా?" జవాబు "తిన్నాన్రా." దాంతో నా మనసు కుదుటపడేది. ఇప్పుడు ఇంకా రెండు అడుగుతున్నాను. బరువెంత ఉన్నావు, థైరాయిడ్ పరీక్ష ఎప్పుడు చేయించావు, ఎంత వచ్చింది? అవి కూడా జున్ను బరువు పక్కనే కాలెండరు మీద రాసుకుంటున్నాను. మొదటిసారి అడిగినప్పుడు ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంకె చెప్పింది.

పోయిన ఆదివారం మాత్రం కోప్పడింది. "నా సంగతి తర్వాత. ముందు జున్ను ఎంత తూగిందో చెప్పు."

10.3 అని చెప్పాను.